ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోంది అని అడిగితే పదకొండు మంది పదకొండు రకాలుగా చెప్పారు, ఎవరి మాట వినాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. అద్దె ఇల్లు, ఫ్రిజ్ కొని ఏడాది కూడా కాలేదు, హ్యాండిల్ పట్టుకుంటే జివ్వుమంటోంది, మీ ఆవిడ తడి చేత్తో ముట్టుకున్నప్పుడైతే ఇంకా ఎక్కువ. అడిగితే ఒకళ్ళు కంప్రెసర్ పోయిందన్నారు, ఒకళ్ళు స్టెబిలైజర్ పెట్టమన్నారు, ఇంకొకళ్ళు ఫ్రిజ్ కింద చెక్క వేసి రబ్బరు చెప్పులేసుకుని తియ్యమన్నారు, ఒకాయన ప్లగ్ పాయింట్‌లో చిన్న వైరు ముక్క వేస్తే రెండు నిమిషాల్లో పోతుందన్నారు. ఇవన్నీ రాసి చివర్లో "అసలు ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఇలాంటివి అడగడమే నా బుద్ధితక్కువా" అన్నారు చూడండి, నేను దానికే జవాబు రాద్దామని కూర్చున్నా.

బుద్ధితక్కువేం కాదు, అడగండి. కాకపోతే ఏమైందో చెప్పమని అడక్కండి, ఏం చూడాలో చెప్పమని అడగండి. ఎక్కడో కూర్చుని ఫోన్‌లో టైపు చేసేవాడికి మీ ఫ్రిజ్ కనపడదు, మీ గోడలో వైరింగ్ కనపడదు, మీ ఇంటి ఓనరు ఎలాంటివాడో అసలే తెలీదు. కళ్ళు మీవి, అనుభవం వాడిది. రెండూ కలిస్తేనే జవాబు వస్తుంది, వాడి ఒక్కడి దగ్గరే జవాబుంది అనుకుంటే మీకు దొరికేది వాడి ఊహ.

అదలా ఉంచి ముందు ఒక పని చెయ్యండి. ఇది చదవడం ఆపి, చెప్పులేసుకుని, పొడి చేత్తో ఆ లైను ఎంసీబీ (బోర్డులో ఆ లైనుకి కరెంటు ఆపే స్విచ్) దించేసి, ఫ్రిజ్ ప్లగ్ పీకెయ్యండి. పాలు విరిగితే విరిగాయి. ఆ జివ్వు దేనివల్లో ఎలా తేల్చుకోవాలో కింద రాస్తాను.

నా సంగతి రెండు ముక్కలు. విజయవాడలో 23 ఏళ్ళుగా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు రిపేరు చేస్తున్నా. షాపు కట్టేసి భోంచేశాక ఫోన్ పట్టుకుని ఇలా ఎవరెవరో అడిగినవాటికి రాయడం ఒక తొమ్మిదేళ్ళుగా అలవాటైపోయింది. "డబ్బులిచ్చే కస్టమరు ఫోన్ చేస్తే ఎత్తవు గానీ ఊరూ పేరూ తెలియనోళ్ళకి మాత్రం పేజీలు పేజీలు రాస్తావు" అని మా ఆవిడ రోజూ అంటుంది. అది నిజమే.

ముందు మీ ఫ్రిజ్ సంగతి, ఎందుకంటే మీకొచ్చిన పదకొండు సమాధానాల్ని జల్లెడ పట్టడానికి అదే పనికొస్తుంది. ఈ మధ్య వచ్చే ఇన్వర్టర్ ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్లు వీటిల్లో చాలావాటికి కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ అని ఉంటుంది, అందులో రెండు చిన్న కెపాసిటర్ల మధ్య కాలుని బాడీకి కలుపుతారు, దాంతో కాస్త కరెంటు బాడీకి లీకవుతుంది. మీ ప్లగ్‌లో ఉండే లావు పిన్ను, అదే ఎర్త్, సరిగ్గా భూమి దాకా వెళ్ళి ఉంటే ఆ కాస్త లీకేజీ అటు పోతుంది, మీకు తెలియను కూడా తెలీదు. ఎర్త్ లేకపోతే అది పోవడానికి దారి లేక బాడీ మీదే నిలబడుతుంది, మీటరు పెడితే 230లో సగం, 110 నుంచి 115 దాకా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది గానీ పట్టి లాగదు. టెస్టర్ పెడితే మాత్రం వెలుగుతుంది, అది చూసి మెకానిక్కు "అమ్మో బాడీకి కరెంటొచ్చింది, కంప్రెసర్ షార్టు" అంటాడు. కొందరు తెలియక అంటారు, కొందరు బాగా తెలిసే అంటారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నిజంగానే లోపల ఏదో వైరు ఒరుసుకునో, ఇన్సులేషన్ పోయో లీకైనా మొదట్లో ఇదే జివ్వు. రెండిట్లో ఏదో మీరు రాసిన నాలుగు లైన్లు చదివి దేవుడు కూడా చెప్పలేడు. అందుకే "కంప్రెసర్" అన్నవాళ్ళూ "ఏం కాదు మామూలే" అన్నవాళ్ళూ ఇద్దరూ నా లెక్కలో ఒకటే, ఇద్దరూ చూడకుండా తీర్పు చెప్పారు. చెక్క, చెప్పులు అన్నాయన జబ్బు వదిలేసి దుప్పటి కప్పాడు, రేపు మీ పిల్లలు వట్టి కాళ్ళతో వెళ్ళి డోర్ తీస్తే ఏంటి సంగతి? స్టెబిలైజర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

వైరు ముక్క అన్నాయన గురించి మాత్రం కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆయనకే లైకులు ఎక్కువొచ్చాయి. ఆయన చెప్పింది ఏంటంటే సాకెట్ లోపల న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకి లూపు వెయ్యమని. వేస్తే నిజంగానే ఆ క్షణమే జివ్వు ఆగిపోతుంది. కింద ముగ్గురు "థాంక్స్ బ్రో పనిచేసింది" అని రాశారు కూడా, వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కానీ మీ ఇంట్లో ఎక్కడో న్యూట్రల్ వైరు స్క్రూ లూజైంది అనుకోండి, లేదా వానకి సర్వీసు వైరు దగ్గర న్యూట్రల్ తెగింది అనుకోండి, లేదా రేపు ఎవరో బోర్డు విప్పి ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ తారుమారు చేసి బిగించారు అనుకోండి, ఆ వైరు ముక్క మీదుగా మొత్తం 230 వచ్చి ఫ్రిజ్ డోర్ మీద కూర్చుంటుంది. అప్పుడు జివ్వుమనదు, పట్టేసుకుంటుంది. నా సర్వీసులో అలాంటి లూపు వేసిన సాకెట్లు ఎన్ని విప్పి తీసేశానో లెక్కలేదు. ఒకచోట, పాత ఇంట్లో, ఆ లూపు వైరు మీద ఇన్సులేషన్ టేపు బదులు గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు చుట్టి ఉంది, అది కరకరలాడుతూ గోధుమ రంగులోకి మారిపోయింది, నాకు ఇప్పటికీ గుర్తే.

నేను చెప్పదలుచుకుంది ఇదే. "నాకు పనిచేసింది" అనేది ఋజువు కాదు. వెంటనే ఫలితం కనపడే సలహాకి లైకులు వెంటనే పడతాయి, దానివల్ల రెండేళ్ళ తర్వాత ఏమైందో చెప్పడానికి ఎవడూ తిరిగి రాడు. తెలియని వాళ్ళ సమాధానాల్లో పెద్ద లోటు వాళ్ళకి తెలియకపోవడం కాదు, తర్వాత ఏం జరిగిందో ఎవరికీ తెలియకపోవడం.

మా చిన్నప్పుడు ఆంధ్రప్రభ వీక్లీలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం వచ్చేది, దశాబ్దాల పాటు నడిచింది. వంటలు, ఇంటి సంగతులు, కాపురాల గొడవలు, ఏదంటే అది జనం ఉత్తరం రాసి అడిగేవాళ్ళు. మా అమ్మ ఆ కాగితాలు కత్తిరించి ట్రంకుపెట్టె అడుగున పరిచి దాచేది. ఆవిడ కూడా మా అమ్మకి ముక్కూ మొహం తెలియని మనిషే కదా. అయితే అక్కడ చెప్పేది ఒక్కరు, పేరుతో చెప్పేవారు, తప్పయితే వచ్చే వారం ఉత్తరాలు ఆవిడకే వచ్చి పడేవి. ఇప్పుడు పేరు దగ్గర ఒక పువ్వు బొమ్మో సినిమా హీరో ఫోటోనో ఉంటుంది, రేపు ఆ అకౌంటే ఉండదు. అడగడం మనకి కొత్తేం కాదు, చెప్పినవాడు నిలబడి ఉంటాడన్న నమ్మకమే పోయింది.

సరే, ఎలా అడగాలి అనేదానికి నేను ఎప్పుడూ చెప్పే కేసు ఒకటుంది. ఖమ్మం నుంచి ఒకావిడ రాసింది, కరెంటు బిల్లు రెట్టింపు వచ్చింది, మీటరు జంపవుతోందా అని. అప్పటికే ఇరవై మంది ఆవిడని భయపెట్టేశారు. కొత్త మీటర్లన్నీ స్పీడే అని ఒకళ్ళు, లైన్‌మన్‌కి ఏదో ఇస్తే సెట్టవుతుంది అని ఒకళ్ళు. నేను జవాబు చెప్పలేదు, మూడు అడిగాను. ఒకటి, పోయిన రెండు బిల్లుల్లో రీడింగు తీసిన తేదీలు ఏంటి, ఎన్ని రోజులకి వేశారు. రెండు, ఇప్పుడు మీటరు మీదున్న అంకె బిల్లులో అంకెతో పోలుతోందా. మూడు, ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేసి, మీటరు మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటోందా లేదా.

ఆవిడ మర్నాడు పొద్దున్నే ఏడింటికి చూసి రాసింది. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, రీడింగూ సరిపోయింది, కానీ అన్నీ ఆపినా లైటు కొట్టుకుంటోంది అంది. నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టండి, మీటరు మీద ఇంపల్స్ అని పక్కన అంకె ఏముందో చెప్పండి అన్నాను. 106 సార్లు, అంకె 3200. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్టు. నిమిషానికి 106 అంటే గంటకి 6360, దగ్గర దగ్గర 2 యూనిట్లు. అన్నీ ఆపిన ఇంట్లో గంటకి 2 యూనిట్లు తినేది ఏముంటుంది చెప్పండి, 2 కిలోవాట్ల గీజరే. మా గీజరు ఆపే ఉందండీ అంది. అయితే ఒక్కో ఎంసీబీ దించుకుంటూ వెళ్ళి ఎక్కడ లైటు ఆగుతుందో చూడండి అన్నాను. మూడోది దించగానే లైటు ఆగింది, అర నిమిషంలో పై వాటా వాళ్ళ అబ్బాయి ఒళ్ళంతా సబ్బుతో బాల్కనీలోకొచ్చి "ఆంటీ గీజరు ఆగిపోయింది" అని అరిచాట్ట. పై బాత్రూం గీజరు ఎప్పుడో ఈవిడ లైను మీద కలిపేసి ఉంది, కొత్తగా దిగినవాళ్ళు దాన్ని పొద్దస్తమానం ఆన్‌లోనే ఉంచుతున్నారు.

నేను కనిపెట్టానని మా ఆవిడ దగ్గర గొప్పలు చెప్పుకున్నా గానీ కనిపెట్టింది నేను కాదు. చూసింది ఆవిడ, లెక్కపెట్టింది ఆవిడ, మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర నిలబడి ఒక్కోటీ దించింది ఆవిడ. నేను వరస చెప్పానంతే. మీరు అడిగేటప్పుడు కూడా ఇలా పెట్టండి: వస్తువు ఏంటి, మోడల్ ఏంటి, ఎన్నేళ్ళది, ఎప్పట్నుంచి, ఏం చేస్తే ఎక్కువవుతోంది ఏం చేస్తే తగ్గుతోంది, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారు. "ఫ్రిజ్ ప్రాబ్లం, ప్లీజ్ హెల్ప్" అని రాస్తే మీకొచ్చేదీ అలాగే ఉంటుంది. ఇంకోటి, మీకు అనుమానం ఉన్న జవాబుని ప్రశ్నలో పెట్టకండి. "కంప్రెసర్ పోయిందా" అని అడిగితే సగం మంది అవును అనే అంటారు, మనిషి నైజం.

వంట సంగతులైతే అంత ప్రాణం మీదకి రాదు గానీ అక్కడా ఇదే గోల. మా అక్క ఎవరో రాసిన కొలత చూసి ఆవకాయ పెట్టింది, మూడు గ్లాసుల ముక్కలకి ఇంత ఉప్పు అని. వాళ్ళు రాసింది కల్లుప్పు లెక్క, ఇది వేసింది మెత్తని ప్యాకెట్ ఉప్పు. అదే గ్లాసులో మెత్తనిది ఎక్కువ బరువు పడుతుంది కదా. ఏడాదంతా ఇంటిల్లిపాదీ ఆ ఆవకాయని పెరుగన్నంలో వేలితో అద్దుకుని తిన్నాం. ఎవరి గ్లాసు వాళ్ళది, ఎవరి గరిటె వాళ్ళది, గ్రాముల్లో అడగండి.

ఎవరి మాట వినాలి అన్నారు. నేను చూసేది వాళ్ళెంత గట్టిగా చెప్పారు అని కాదు. తెలిసినవాడు ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న తిరిగి అడుగుతాడు. తన మాట ఎక్కడ చెల్లదో కూడా చెప్తాడు, "పాత మోడల్ అయితే ఇలా, ఇన్వర్టర్ అయితే అలా" అని. ఏది ఎలక్ట్రీషియన్‌కి వదిలెయ్యాలో చెప్తాడు. "హండ్రెడ్ పర్సెంట్ ఇదే" అన్నవాణ్ణి, కారణం అడిగితే కోపమొచ్చేవాణ్ణి, మొదటి మెసేజ్‌కే "ఇన్‌బాక్స్‌కి రండి" అనేవాణ్ణి దాటుకుని పోండి. అందరూ ఒకటే చెప్పారు కదా అని కూడా నమ్మకండి, నలుగురు ఒకే మాట అన్నారంటే చాలాసార్లు మొదటివాడిది చూసి మిగతా ముగ్గురూ అన్నారనే అర్థం.

పాత సమాధానాలతో ఇంకో చిక్కు. పన్నెండేళ్ళ కింద ఎవరో ఫ్రిజ్ గ్యాస్ పైపుకి చిల్లు పడితే ఇంట్లోనే టార్చి పెట్టి అతికించొచ్చు అని రాశారనుకోండి, అప్పటి గ్యాసుకి అది చెల్లిందేమో. ఇప్పుడు మీ ఫ్రిజ్ వెనకాల కంప్రెసర్ స్టిక్కరు మీద ఆర్600ఏ అని ఉంటుంది చూడండి, అది మండే గ్యాసు, వంటగ్యాసుకి దగ్గర చుట్టం. దాని దగ్గర మంట వెలిగిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఏదైనా చదివితే ముందు ఎప్పుడు రాశారో చూడండి.

నేనూ తప్పు చెప్పాను, దాచడం ఎందుకు. నాలుగేళ్ళ కింద ఒకతను ఏసీ లోపల ఐస్ కట్టిన ఫోటో పెట్టాడు. గ్యాస్ తగ్గింది, ఫిల్ చేయించండి అని ఒక్క ముక్కలో రాసి పడుకున్నా. అతను 2,800 పెట్టి గ్యాస్ పట్టించాడు, మూడో రోజు మళ్ళీ ఐస్. గ్యాస్ తగ్గినా ఐస్ కడుతుంది, ఫిల్టర్‌కి దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా ఐస్ కడుతుంది, ఇది నాకు తెలియక కాదు. నిద్రొస్తోంది, అడగలేదు. "ఫిల్టర్ ఎప్పుడు కడిగారు" అన్న ఒక్క ప్రశ్నకి అతని 2,800 మిగిలేవి. ఆ సమాధానం తీసెయ్యకుండా కిందే "నేను చెప్పింది తప్పు, ముందు ఫిల్టర్ చూడండి" అని రాశాను, ఇప్పటికీ అలాగే ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళల్లో రోజుల తరబడి నీళ్ళు నిలబడ్డాయి కదా, నాకు అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: మునిగిన ఫ్రిజ్ ఆన్ చెయ్యొచ్చా? ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా "రెండ్రోజులు ఎండలో పెట్టి ఆన్ చెయ్యండి" అనే. ఎండలో పెడితే పైకి ఆరుతుంది, లోపల టెర్మినల్ బాక్సులో, కనెక్టర్లలో బురద గట్టిపడి కూర్చుంటుంది. దానికి మళ్ళీ కాస్త చెమ్మ తగిలితే ఆ బురదే వైరులా కరెంటుని మోస్తుంది. ఆ కంప్రెసర్ సీల్డ్ కాబట్టి లోపలికి నీళ్ళు పోవు, చాలామటుకు బతికే ఉంటుంది, పోయేది రిలే, కార్డు (సర్క్యూట్ బోర్డు), కనెక్టర్లు. మంచి నీళ్ళతో బురద కడిగి, విప్పి ఆరబెట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసి, బాడీకీ లైనుకీ మధ్య కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌లు) అయినా చూపిస్తేనే ప్లగ్ పెట్టేవాళ్ళం. ఆ నెలంతా మా షాపు ముందు ఫుట్‌పాత్ మీద డోర్లు తీసిన ఫ్రిజ్‌లు వరసగా, బురద వాసన, మనిషికి తిండి తినే టైం లేదు. ఎండలో పెట్టి ఆన్ చేసేసినవాళ్ళలో చాలామందివి నడిచాయి కూడా, అందుకే ఆ సలహా అంత పాకింది. కాలిపోయిన కార్డులు మాత్రం అలాంటివాళ్ళ దగ్గర్నుంచే మా షాపుకొచ్చాయి.

ఇక ఎవర్నీ అడగకూడని ప్రశ్నలు కొన్నున్నాయి. జవాబు కోసం ఎదురుచూడ్డానికి టైం లేనివి. ఒక రాత్రి పదిన్నరకి ఒకాయన నాకు ట్యాగ్ చేసి అడిగాడు, రిమోట్‌లో వేసే గుండ్రటి బటన్ సెల్ మా బాబు మింగేశాడు, దాని వోల్టేజి ఎంత, ప్రమాదమా అని. అప్పటికే ముప్పావు గంటైంది. కింద సమాధానాలు చూస్తే నాకు చెమటలు పట్టాయి: అరటిపండు పెట్టండి, అన్నం ముద్ద మింగించండి, రేప్పొద్దున దొడ్డికి వెళ్తే వచ్చేస్తుంది. ఆ సెల్ 3 వోల్టులే, చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు, కానీ అన్నవాహికలో తట్టుకుని ఆగిపోతే తడి తగిలి అక్కడ కండని కాల్చేస్తుంది, రెండు గంటల్లోనే పెద్ద డ్యామేజీ అవుతుంది. నేను ఒకటే లైను రాశా: ఏమీ తినిపించొద్దు, వాంతి చేయించొద్దు, ఈ క్షణం బయల్దేరి ఎక్స్‌రే ఉన్న పెద్ద హాస్పిటల్‌కి వెళ్ళండి, బండి లేకపోతే 108. అతను చూసినట్టు టిక్కులు పడ్డాయి. తర్వాత ఒక్క ముక్క రాయలేదు. నేను రెండుసార్లు అడిగాను, జవాబు లేదు. ఆ బాబుకి ఏమైందో నాకు ఈ రోజుకీ తెలీదు.

అందుకని గ్యాస్ వాసనొస్తే 1906, కరెంటు స్తంభం దగ్గర నిప్పురవ్వలు వస్తుంటే 1912, మనిషికైతే 108 లేదా 112. ముందు ఫోన్, తర్వాతే టైపు చెయ్యడం. గ్యాస్ వాసనొచ్చినప్పుడు లైటు స్విచ్ వెయ్యొద్దు, ఆపనూ వద్దు, కిటికీలు తీసి బయటికొచ్చి అప్పుడు ఫోన్ చెయ్యండి.

ఇంకొక్కటి, చాలామంది చేసే పొరపాటు. మీరు మీ పోస్టులో బిల్లు ఫోటో పెట్టారు, అందులో మీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు అన్నీ కనపడుతున్నాయి. దయచేసి తీసెయ్యండి. ఇలా నంబరు కనపడితే "కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ ఫ్రిజ్ కంప్లైంట్ చూశాం" అని ఫోన్ వస్తుంది, తెలుగులోనే, ఎంతో మర్యాదగా. పది రూపాయలు రిజిస్ట్రేషన్ అని లింకు పంపిస్తారు, లేదా ఏదో యాప్ వేసుకోమంటారు, అది వేసుకుంటే మీ స్క్రీన్ మొత్తం వాళ్ళకి కనపడుతుంది, ఓటీపీలతో సహా. మా షాపుకొచ్చే ఒక రిటైర్డ్ మేస్టారు ఇలాగే వాషింగ్ మెషీన్ కోసం 40 వేలు పోగొట్టుకున్నారు. ఆయన లెక్కల మేస్టారు, తెలివితక్కువ మనిషి కాదు. ఒకవేళ ఎప్పుడైనా అలా జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపడానికి అంత వీలుంటుంది. కంపెనీ నంబరు కావాలంటే వారంటీ కార్డు మీదున్నది చూడండి, వెతికితే పైన వచ్చిన నంబరు కాదు.

ఇప్పుడు మీ ఫ్రిజ్. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మీరు చెయ్యొద్దు. వచ్చాక "ఎర్త్ ఉందా" అని అడిగితే టెస్టర్ పెట్టి ఉందనేస్తాడు, టెస్టర్‌తో ఎర్త్ తెలీదు. బల్బు పెట్టి చూడమనండి. హోల్డర్‌కి రెండు వైర్లు, వంద వాట్ల మామూలు బల్బు, ఎల్ఈడీ కాదు. మొదట ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెట్టాలి, నిండుగా వెలుగుతుంది. తర్వాత ఫేజుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య. అంతే నిండుగా వెలిగితే, సాకెట్‌లో పైన చెప్పిన లూపు లేదని విప్పి చూసుకున్నాక, ఎర్త్ ఉన్నట్టు, మసకగా వెలిగితే బలం లేనట్టు, అసలు వెలక్కపోతే ఆ లావు రంధ్రం వెనకాల ఏమీ లేనట్టు. పెట్టగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను దానంతటదే ఆపేసే స్విచ్) ట్రిప్ అయితే భయపడకండి, ఎర్త్ ఉన్నందుకే పడింది. ఇది చూసే ముందు మాత్రం ఇంట్లో గీజరు, మిక్సీ, వాషింగ్ మెషీన్, అన్నిటి ప్లగ్గులూ తీసి ఉండాలి, ఎందుకంటే ఎర్త్ ఎక్కడైనా తెగి ఉంటే ఆ బల్బు గుండా వచ్చిన కరెంటు మిగతా వస్తువుల బాడీల మీదకి వెళ్తుంది. ఈ జాగ్రత్త మీ ఎలక్ట్రీషియన్ తనంతట తనే చెప్తే మంచివాడు దొరికాడనుకోండి.

ఎర్త్ లేదని తేలితే అది మీ ఫ్రిజ్ తప్పు కాదు, ఇంటిది. ఓనరు గారితో మెల్లగా మాట్లాడండి, ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దిగే గొయ్యి) ఉందా, ఉంటే ఎక్కడుంది, వైరు తెగిందా, ఎండాకాలం ఎప్పుడైనా నీళ్ళు పోశారా అని. ఆయన ఖర్చంటే కనీసం 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి, మనిషి ఒంట్లోంచి కరెంటు పోతే అది పడిపోతుంది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు విప్పుకుని పట్టుకెళ్ళొచ్చు. కానీ అది ఎర్త్‌కి బదులు కాదు. ఎర్త్ బాగానే ఉండి కూడా జివ్వుమంటుంటే అప్పుడు ఫ్రిజ్‌లోనే ఏదో ఉంది, వారంటీలోనే ఉంది కాబట్టి కంపెనీ మనిషినే పిలవండి, బయట ఎవరిచేతా విప్పించకండి, నాతో సహా.

బల్బు నిండుగా వెలిగిందా, మసగ్గానా, అసలు వెలగలేదా, అది చూసి ఇక్కడే కింద రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏం చూడాలో చెప్తాను. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఉంటాను.